ఆడిదాకనే

“ఇమానమా? మా ఆయన బస్సెక్కితేనే కక్కుతడు సారూ!”

ద్వాలి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. చర్చి హాలంతా గొల్లుమంది.

డ్రాయింగ్ మాస్టారు జయరాజ్ నవ్వలేదు. డెబ్బై ఒకటి యుద్ధంలో విమానం నడిపిన పైలట్ హాతీరాం గారు మన ఖమ్మం జిల్లావాడేనని అప్పుడే మైకులో చెప్పి, ఆయన భార్యను రెండు మాటలు మాట్లాడమన్నాడు.

మొదటి వరుసలో హాతీరాం లేవబోయి, మళ్లీ కూలబడ్డాడు.

గోడల మీద జయరాజ్ గీసిన తొమ్మిది బొమ్మలు. ఎవరూ తలుచుకోని యుద్ధ పైలట్లవి. ఒక్కో బొమ్మ కింద చేత్తో రాసిన కవిత. వాటికి ఊపిరి పోసింది హాతీరాం మాటలే.

ఏడాది కిందట పేపర్లో జయరాజ్ గీసిన ఒక పైలట్ బొమ్మ చూసి, అశ్వారావుపేట నుంచి వెతుక్కుంటూ వచ్చాడా మనిషి. పామాయిల్ తోటకు కాపలాదారు. ప్రతి ఆదివారం వచ్చి, కళ్లు మూసుకుని చెప్పేవాడు.

“ఎడమ రెక్క కాలుతున్నది. కింద నది కనబడుతున్నది. నేను బాగనే ఉన్న.”

“తర్వాత?”

“ఆడిదాకనే సార్.”

“మరి కిందికి ఎట్ల దిగిన్రు?”

హాతీరాం కళ్లు తెరిచి మంచినీళ్లడిగేవాడు.

తొమ్మిది కథల్లో ఒక్కదానికీ దిగడం లేదు. భరించలేనిదాన్ని మనసు దాచేస్తుందని జయరాజ్ తనకు తానే సర్దిచెప్పుకున్నాడు. ఇప్పుడు ద్వాలి మాటతో తెలిసింది, దాచడానికి అక్కడేమీ లేదని.

జనం వెళ్లిపోయాక అడిగాడు.

“ఇమానం నడిపినవా లేదా? ఒక్క మాట చెప్పు.”

“లేదు సార్.”

“ఏడాది పొడుగునా నన్ను పిచ్చోణ్ణి చేసినవ్ కదా!”

“పైలట్‌నని ఎన్నడన్న చెప్పిన్నా సార్?”

చెప్పలేదు. హాతీరాం పైలట్ కావాలని కోరుకున్నది జయరాజే. అది తట్టేసరికి కోపం రెట్టింపయింది.

“దొంగ మాటలు! అందుకే ఒక్క ఇమానం గూడ కిందికి దించలేకపోయినవ్.”

“మాటలు నిజమే సార్. ఒక్కటి గూడ నాది కాదు.”

“ఒప్పుకున్నవ్ కదా. పో ఇగ.”

హాతీరాం ద్వాలి చెయ్యి పట్టుకుని మెట్లు దిగాడు.

తెల్లారి జయరాజ్ తొమ్మిది కవితలూ చింపి పొయ్యిలో వేశాడు. నకళ్లు లేవు. మోసపోయినవాడికి ఉండే ప్రశాంతత లాంటిదేదో ఆ పూట అతనికి దక్కింది.

ఎండాకాలంలో ద్వాలి ఒంటరిగా వచ్చింది.

“మా ఆయన పోయిండు సారూ. సమాధి బండ మీద పేరు రాయాలె. ఏం కొలువు చేసిండో గూడ రాయాలె.”

“నీకు తెల్వదా?”

“మిలట్రీ అనేటోడు. అడిగితే లేచి పోయేటోడు. గీ కాయితం పెట్టెల దొరికింది, ఇంగ్లీషుల ఉన్నది. నువ్వే రాయాలె సారూ. నీ తానకొచ్చిన ఆదివారం ఒక్కటే నిద్రపోయేటోడు.”

మడతల దగ్గర చిరిగిన వైమానిక దళం కాగితం అది. జయరాజ్ చదివాడు. మళ్లీ మొదటి నుంచి చదివాడు.

“ఏం కొలువు సారూ?”

కాగితాన్ని పాత మడతల మీదే మడిచి ఆమె చేతికిచ్చాడు.

“కింద కూసోని, పైకెగిరిన పైలట్ల మాటలు రేడియోల వినే కొలువమ్మా,” అన్నాడు జయరాజ్, “వాళ్ల గొంతు ఆగిపోయేదాకా.”