చాచిన చెయ్యి

"బావా, బంతి ఇలాగియ్యి."

సన్యాసి చెయ్యి చాచి నిలబడ్డాడు. లింగరాజు బంతిని వీపు వెనక్కి దాచుకున్నాడు.

"ఏటికియ్యాలి? నాకేటయిందని?"

రంగూన్ మైదానంలో బేస్‌బాల్ ఆట ఏడో విడతలో ఉంది. అమెరికా ఓడ నుంచి దిగిన జట్టు మీద రేవు జట్టు ఒకే ఒక్క పరుగు ముందుంది. ఓడవాళ్లిద్దరు అప్పటికే మైదానంలో చెరో మూలకు చేరి, ఎప్పుడు ఉరుకుదామా అని వంగి నిలబడ్డారు. గట్టు మీద రేవు కూలీలు కిక్కిరిసి చూస్తున్నారు.

బావాబావమరుదులిద్దరూ రేవులో తాడు విసిరేవాళ్లే. ఓడ ఒడ్డుకు రాగానే బరువు కట్టిన సన్నతాడును గురిచూసి దాని మీదకు విసరడం వాళ్ల పని. ఆ గురి నచ్చే, రేవు జట్టును నడిపే అమెరికావాడు మోర్గన్ దొర వాళ్లను తన జట్టులో చేర్చుకున్నాడు. లింగరాజు మొదటినుంచీ బంతి విసరాలి. అతను అలిసిపోతే సన్యాసి వచ్చి అందుకోవాలి.

"మా దేశంలో మునుపు మొదలెట్టినవాడే చివరిదాకా విసిరేవాడు. మధ్యలో దిగిపోతే నామోషీగా ఉండేది. ఇప్పుడిప్పుడే ఈ కొత్త పద్ధతి వస్తోంది" అని దొర తన వచ్చీరాని హిందుస్తానీలో చెప్పాడు. ఆ మాటల్లో నామోషీ ఒక్కటే లింగరాజు మనసులో ఉండిపోయింది.

వానలు వెనకబట్టి ఆటలు మొదలయ్యాక ఇది మూడోది. మొదటి రెండింటిలోనూ ఇదే వరస. ఆట సగం దాటగానే సన్యాసి దొర దగ్గరకు పరుగెత్తి ఏదో చెప్పేవాడు. దొర తలూపేవాడు. బంతి చెయ్యి మారేది. సన్యాసి ఒక్క పరుగు కూడా ఇవ్వకుండా రెండాటలూ గట్టెక్కించాడు. చౌక్తడా పేటలో గుమాస్తాగా ఉన్న బుల్లియ్య ఇంగ్లీషు పేపరు తెచ్చి అందులో సన్యాసి పేరు చదివి వినిపించాడు. లింగరాజు పేరు అందులో లేదు.

"దొర రమ్మన్నాడు బావా. అందుకే వచ్చాను."

"రమ్మన్నాడా, నువ్వు రమ్మనిపించుకున్నావా? ఎల్లి ఆయన సెవి కొరకడం నాను సూడలేదనుకున్నావేటి?"

సన్యాసి గొంతు తగ్గించాడు. "ఈ ఒక్కపాలికి నా మాటిను బావా. నీకు దణ్ణమెడతాను."

లింగరాజు మాత్రం గొంతు పెంచాడు. గట్టు మీదివాళ్లందరికీ వినపడాలనే పెంచాడు.

"మీ అక్క మొగం సూసి ఓడెక్కించి తెచ్చాను. పని నేర్పాను. ఇప్పుడు నా సోటే కావాలొచ్చిందా నీకు? పో! ఈయాల్టి నుంచి నా గుమ్మం తొక్కకు. నాకు బావమరిదన్నోడే నేడు!"

సన్యాసి చాచిన చెయ్యి మెల్లగా దించుకున్నాడు. గడ్డి మీద పడేసిన చొక్కా తీసుకుని, దొర పిలుస్తున్నా వెనక్కి తిరక్కుండా వెళ్లిపోయాడు.

ఆ తర్వాత లింగరాజు మొదటి బంతి బాగానే విసిరాడు. రెండోది వదులుతుండగా భుజం లోపల ఏదో పుటుక్కుమంది. బంతి నీరసంగా గాలిలో తేలుతూ పోయింది. ఎదుటివాడు దాన్ని తీరిగ్గా చూసుకుని చెట్ల అవతలకు కొట్టాడు. మూలల్లో ఉన్నవాళ్లిద్దరూ, వెనకే కొట్టినవాడూ వరసగా చుట్టి వచ్చి మూడు పరుగులు తీశారు. ఆట చేజారిపోయింది. లింగరాజు కళ్లు తనకు తెలియకుండానే సన్యాసి కోసం వెతికాయి. అక్కడ గడ్డి తప్ప ఏమీ లేదు.

ఓడిపోయామన్న బాధ మైదానం దాటేసరికే పోయింది. నలుగురిలో అన్న మాటలే దారి పొడుగునా చెవుల్లో మోగాయి. ఎడమ చేత్తో కుడి చేతిని పట్టుకుని, పొద్దు వాలేవేళకు మింగళ తౌంగ్‌న్యున్ పేటలో సన్యాసి ఉండే కూలీల బస్తీకి చేరాడు. 'తప్పయిపోయిందిరా, ఇంటికి రా' అని నాలుగైదుసార్లు లోపల అనుకుని తలుపు తట్టాడు.

సన్యాసితో కలిసి ఆ గదిలో ఉండే అప్పలస్వామి తలుపు తీశాడు.

"ఆడేడీ? ఇప్పుడే మూట కట్టుకుని ఏటి అవతల తన్లిన్‌కి పడవెక్కేశాడు. అక్కడ నూనె మిల్లులో పని సూసుకుంటాడంట. ఈ ఒడ్డుకి మరి రానన్నాడు. ఏటయిందిరా అంటే సెప్పడు, ఒకటే ఏడుపు."

లింగరాజు గడప మీంచి లోపలికి తొంగిచూశాడు. మూలన చుట్టేసిన చాప ఒక్కటి కనిపించింది. తర్వాత ఇంటి దారి పట్టాడు.

భార్య నరసమ్మ కంచం పెట్టింది. అతను ఎడమ చేత్తో కంచం దగ్గరకు లాక్కోవడం చూసి గబుక్కున వచ్చి భుజం మీద చెయ్యి వేసింది. అతను కెవ్వుమన్నాడు.

"అంతా అయిపోయింది కదా! ఇంక తాడెలా ఇసురుతావు? రానీ, సన్నాసిగాణ్ణి రానీ, ఆడి సంగతి సెప్తాను."

"ఆణ్ణేటీ అనకు. ఆడి తప్పేటీ నేదు" అన్నాడు లింగరాజు తలెత్తకుండా.

"నేకపోవడమేటి? నిద్దట్లో భుజం పట్టుకుని నువ్వు మూలుగుతుంటే ఇనలేక, నీకు నొప్పొచ్చినట్టు కనబడగానే ఎల్లి బంతి లాక్కోమని, ఆ సంగతి నీతో అనొద్దని, నా తల మీద సెయ్యెట్టించి ఆడి సేత ఒట్టేయించుకున్నాను కదా!"