లినక్స్ యోహాను

కొల్లాపూర్ మామిడి రైతుల సంఘం ఆఫీసులో కంప్యూటర్ మారిన రోజే టైపిస్టు సింధూజ యోహాను మీద పగబట్టింది.

అంతవరకు ఆ గదిలో ఆమె మాటే చెల్లేది. వనపర్తి నుంచి వచ్చిన ఈ మనిషి విండోస్ తీసేసి లినక్స్ ఎక్కించాడు. ఆమె ఏళ్లుగా టైపు చేసిన ఉత్తరాలు తెరిస్తే అక్షరాల చోట డబ్బాలు కనిపించాయి.

"ఒక్క కాయిదం తియ్యరాదా నీకు?" సెక్రటరీ పెంటయ్య రైతుల ముందే గద్దించాడు.

ఆమెకు తల కొట్టేసినట్టయింది.

యోహాను పక్కనే కూర్చున్నాడు.

"పరేషాన్ గాకమ్మా. పాతవి నేను సక్కజేస్త. బయటికి పంపేవి మాత్రం పాత విండోస్ రకంల సేవ్ చెయ్యి. ఎవ్వరికైనా తెరుచుకుంటయి."

"సరే సార్."

నిన్ను ఈ గడప దాటించకపోతే నా పేరు సింధూజ కాదు, అనుకుంది.

అతను నేర్పిందంతా శ్రద్ధగా నేర్చుకుంది. పగకు అది అవసరం.

హైదరాబాద్‌లో మామిడి ప్రదర్శన. అందులో చోటు కోసం సంఘం దరఖాస్తు పంపాలి. సింధూజ కావాలనే కొత్త లినక్స్ రకంలో సేవ్ చేసి పంపింది.

అక్కడ అది తెరుచుకోలేదు. ఆ చోటు వేరే ఊరికి పోయింది.

"ఎట్లయింది గిది?" పెంటయ్య మండిపడ్డాడు.

"యోహాను సార్ చెప్పినట్లే చేసిన," సింధూజ తల వంచుకుంది.

యోహాను వంగి తెర మీద ఆ ఫైలు ఏ రకమో చూశాడు. తర్వాత ఆమెను చూశాడు.

"తప్పు నాదే సార్. సరిగ నేర్పలే."

"అయితే ఇగ మీరు పోవచ్చు."

అతను సంచి భుజాన వేసుకుని బస్టాండు వైపు నడిచాడు. సింధూజ కిటికీలోంచి చూస్తూ నిలబడింది. కడుపు చల్లబడింది.

వనపర్తి బస్సు వెళ్లిపోయాక పెంటయ్య ఆమె దగ్గరికొచ్చాడు.

"నేర్చుకున్నవ్ గద, ఇగ నువ్వే నడిపియ్యి. ఎట్లైనా ఆయనకు ఈ నౌకరి వద్దనె."

"ఏ నౌకరి సార్?"

"నీదే. చెప్పొద్దని నాతోని ఒట్టు పెట్టిచ్చుకున్నడు. ఇప్పుడు దాచి ఏం లాభం."

పెంటయ్య ఆమె కుర్చీ వైపు చూపించాడు.

"నిన్ను తీసేసి నీ కుర్చీల కూసోమని పిలిపిస్తిమి. ఆయనేమో ఆ పిల్ల పొట్ట కొట్టలేను, పని నేర్పి నా తొవ్వ నేను పోత అన్నడు."