రెండు సైకిళ్లకు ఒకటే గొలుసు

బెంజమిన్ స్టాండు తీసి సైకిలును గుంజాడు. దాని వెంటే పక్క సైకిలూ కదిలింది. వంగి చూస్తే, పక్కదాని గొలుసు తన వెనక చక్రంలోంచి కూడా దూరి, రెంటికీ కలిపి తాళం పడి ఉంది.

"అది పేతురు తాతది," గేటు పక్కన చాయ్ బండి దగ్గరి నుంచి బాలమల్లు అరిచాడు. "ముసలాయనకు మతి నిలుస్తలేదు. మొన్న గొలుసును ఒట్టి స్టాండుకే చుట్టిపోయిండు."

లక్సెట్టిపేట చర్చిలో ఆదివారం ఆరాధన ఇంకా నడుస్తోంది. బెంజమిన్ మధ్యలోనే లేచి వచ్చాడు. కూర్చున్నంతసేపూ పాటలు చెవిన పడ్డాయి గానీ లోపలికి ఏదీ పోలేదు. భార్య హెప్సిబా జ్వరంతో చనిపోయి నెలన్నర. అప్పటి నుంచి ఇంతే, ఏడుపు రాదు, ఆకలి కాదు. ఇవాళ ఇంటి తాళాలు పక్కింటివాళ్లకు ఇచ్చేసి వచ్చాడు. ఇక్కడి నుంచి నేరుగా గోదావరికి పోవాలి, ఇక తిరిగి రాకూడదు. అది ఎవరికీ చెప్పలేదు. తనకు కూడా అదేదో పరాయివాళ్ల సంగతిలాగే ఉంది.

"ఆయన వచ్చేదాక జర కూసో. చాయ్ తాగు," అన్నాడు బాలమల్లు. అతని నోటికి తాళం వేసే గొలుసు ఇంకా ఎవరూ తయారు చేయలేదు. "సైకిల్‌కు తాళమేసుడు ఎవలకూ సక్కగ రాదే. ఒకడు ముందు చక్రానికే ఏస్తడు. దొంగోడు ఆ చక్రం ఊడదీసి ఆడ్నే ఇడిసిపెట్టి, మిగిలింది భుజానేసుకొని పోతడు. ఇంకొకడు సన్నపు కట్టెకు ఏస్తడు. కట్టె పీకితె అయిపాయె! గీ తాతనేమో పక్కోని సైకిల్‌ను బందీ చేస్తడు. అవునూ, నీదానికి తాళమే లేదేంది?"

"మరిచిపోయిన."

"నువ్వా! తాళమేసి, గుంజి చూసి, గేటు దాక పోయి మళ్లొచ్చి గుంజెటోనివి!"

బెంజమిన్ చాయ్ గ్లాసు అందుకున్నాడు. సైకిలు తాళంచెవి ఇంటి తాళాల గుత్తిలోనే పోయింది. దానితో ఇక పనేముందనుకున్నాడు. గోదావరికి నడిచైనా పోవచ్చు. కానీ నడవాలన్నా కాస్త పట్టుదల కావాలి, అదీ లేదు. చేతిలో చాయ్ చల్లారిపోయింది.

ఆరాధన ముగిసింది. ఎవరి బండ్లు వాళ్లు తీసుకుపోయారు. అందరికన్నా వెనక పేతురు తాత ఒక్కో మెట్టూ చూసుకుంటూ దిగాడు.

"తాతా, నీ గొలుసు నా చక్రంలకెల్లి పోయింది."

"అయ్యో! కండ్లు కనవడక సస్తున్న." ముసలాయన పై జేబు తడిమాడు, కింది జేబు తడిమాడు, మళ్లీ పై జేబు తడిమాడు. "ఒత్తితె తాళం పడ్డది గని, చెవి ఇంట్ల మరిచొచ్చిన బిడ్డా. పరేషాన్ చేస్తిని. పా, ఇంటికి పోయి తెచ్చుకుందువు."

"నువ్వు తే తాతా, నేను ఈడ్నే ఉంట."

"నా మోకాళ్లు రెండుసార్లు తిరుగుతయా? నువ్వే రా."

ఇంట్లో తాత భార్య సంతోషమ్మ, చెవి వెతకడం మాని కంచం పెట్టింది. "తినెటాళ్లకు దొరుకుతది తియ్," అన్నది. వద్దని చెప్పడం కూడా బరువనిపించి బెంజమిన్ కూర్చున్నాడు. రెండో ముద్దకు అతని చెయ్యి ఆగింది.

"చారుల ఉప్పెక్కువైందవ్వా."

"ఐందా? ఆగు, ఇంకింత బువ్వ ఏస్త."

ఈ నెలన్నరలో అతని నాలుకకు ఏదైనా తెలియడం అదే మొదలు. ముద్ద మింగేలోగా కళ్లనీళ్లు కారి కంచంలో పడ్డాయి. అతను తుడుచుకోలేదు. ఎవరూ ఎందుకని అడగలేదు. ఏడుస్తూనే కడుపునిండా తిన్నాడు.

చెయ్యి కడుక్కుని వచ్చేసరికి పేతురు తాత గుమ్మానికి అడ్డంగా కూర్చుని ఉన్నాడు.

"రాత్రికి ఈడ్నే పండుకో. రేపు ఇద్దరం పోయి తెచ్చుకుందాం."

"చెవి దొరకలేదా తాతా?"

"పొద్దటిసంది నా అంగి జేబులనే ఉన్నది."

"మరి మరిచిపోయినన్నవ్? గొలుసు కూడ కనవడకనే ఏస్తినంటివి?"

ముసలాయన అతని చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

"తాళం లేని నీ సైకిల్‌ను చూసే ఏసిన, బిడ్డా."