తామరాకును తోసిన చీమలు

వాన వెలిసిన చెరువులో, తెగిన తామరాకొకటి మబ్బుల నీడల మీద నిద్రపోతున్నట్టు ఆగి ఉంది. దాని మీద చిక్కుకున్న చీమలు ఆకు అంచుకు తలలానించి ఒడ్డువైపు తోస్తున్నాయి. ఒడ్డున పుట్టలో వాటి గుడ్లున్నాయి, మళ్లీ మబ్బు కమ్ముతోంది. ఆకు మాత్రం కదల్లేదు.

అదే ఆకు మీద పక్కనే కునుకుతున్న ముసలి కప్ప కళ్లు తెరవకుండానే అంది: "తలతో ముందుకు తోస్తున్న ఆకునే కాళ్లతో వెనక్కి తన్నుతున్నారు. అదిక ఎటు పోతుంది?"

"నువ్వు ఒళ్లు వంచవు, పైగా మాకు చెబుతావా? దిగిపో," అంది పెద్ద చీమ.

కప్ప నిట్టూర్చింది. ఒడ్డుకు వీపు పెట్టి, ఆకును బలంగా తన్ని నీళ్లలోకి దూకింది. ఆకు కలలోలా జారుతూ వెళ్లి ఒడ్డుకు తగిలింది.

చీమలు దిగి ఊపిరి పీల్చుకున్నాయి.

"చూశారా," అంది పెద్ద చీమ, "ఆ బరువు దిగ్గానే మన తోపుకు కదిలింది."