ఎర్రపెట్ట అడిగిన గింజలు

ఇందులో ఒక్క అక్షరం అబద్ధమైనా నాకు మిగిలిన ఒక్క పన్నూ ఊడిపోవాలి.

ఆ పెరట్లో అందరి గుడ్లూ పొదిగేది ఎర్రపెట్టే. బాతులవీ, గిన్నెకోళ్ళవీ కలిసి కొండంత గుట్ట! రెక్కకందని బాతుగుడ్డొకటి చల్లబడిపోతోంది.

“నా రెక్కలు చాలడం లేదు వదినా. ఇంకో పెట్టను కూర్చోబెట్టండి. ఇద్దరికీ కడుపునిండా గింజలు పెట్టండి,” అంది బాతుతో.

“పొదగడం పుణ్యం కదుటే! పుణ్యానికి కూలి అడగడానికి సిగ్గులేదూ?”

పెట్ట సిగ్గుతో తలదించుకుని, ఆ గుడ్డును లోపలికి లాక్కుందామని లేచింది. చూస్తే రొమ్మున ఒక్క ఈక లేదు, ఎముక కత్తిలా పొడుచుకొచ్చింది. గాలి వీస్తే పక్కూళ్ళో పడేదే!

అది చూసిన బాతు వెళ్ళి చెరువులో మునిగితే, దాని సిగ్గుకి చెరువంతా సలసలా కాగింది.

అయినా బాతు సిగ్గుపడితే పెట్ట కడుపు నిండుతుందా? లే పిల్లా, ఆ నూకల చేట మన పొదిగే కోడి ముందు పెట్టి, సగం గుడ్లు తీసి మన నల్లపెట్ట కింద పెట్టిరా.