హుక్కులు మిగిలిన జాకెట్టు

తెనాలి టైలర్ మస్తానయ్యకు అబద్ధమాడాలంటే నోరు తడబడేది. అందుకే తన గొంతుతో ఫోనులో జవాబిచ్చే ఏఐ బాట్‌ను తెచ్చి, బయటి సంగతులేవీ సోకని, కంప్యూటర్లో విడిగది లాంటి కంటైనర్‌లో బిగించాడు. అది రోజూ నిన్నటిదంతా మరిచి కొత్తగా లేచేది. "హుక్కులొక్కటే మిగిలాయమ్మా, రేపు రండి" అని అదురూ బెదురూ లేకుండా చెప్పేది.

పెళ్లికూతురు వాగ్దేవి జాకెట్టుకు నెలంతా అదే జవాబు. పెళ్లినాటి పొద్దున అది నిజంగానే పూర్తయింది. మస్తానయ్య సంబరం పట్టలేక తనే ఫోను చేశాడు. ఊళ్లో అందరిలాగే ఆమెకూ ఓ బాట్ ఉంది; నెలంతా షాపుకు ఫోను చేసిన ఆ బాటే ఇప్పుడూ ఎత్తింది. ఎన్నాళ్లకో సొంతంగా మాట్లాడటంతో అతనికి నిజానికీ మాట తడబడింది.

"అ... అయిపోయిందమ్మా! హుక్కులు కూడా... ఒట్టు!"

"మా టైలర్ గారు ఇలా నీళ్లు నమిలే మనిషి కాదండీ. ఇంతకీ మీరెవరు?"