ఇంకొంచెం మెత్తగా

నిదానం సార్ బటన్ నొక్కాడు. పెట్టె మీది చిన్న దీపం వెలగలేదు.

"గట్టిగా ఉందమ్మా. ఇంకొంచెం మెత్తగా ఉండాలి."

ఆ అమ్మాయి పెట్టెను తన వైపు లాక్కుని అదే బటన్ నొక్కింది. టక్కుమని దీపం వెలిగింది.

"పనిచేస్తోంది కద సార్."

"నీకు పనిచేస్తోంది."

వారంలో ఇది మూడోసారి.

ఆయన కాలేజీ ఎలక్ట్రానిక్స్ ల్యాబులో స్టోరుకీపరు. వైరు ముక్క ఇవ్వడానికి కూడా పావుగంట తీసుకుంటాడని పిల్లలు పెట్టుకున్న పేరు నిదానం సార్. స్టోరు సామానుతో చేసిన ఏ ప్రాజెక్టయినా ఆయన స్వయంగా పరీక్షించి కార్డు మీద సంతకం పెడితేనే రివ్యూకి వెళ్తుంది. ఆ పద్ధతి ఏ మహానుభావుడు పెట్టాడో గానీ, ఈ అమ్మాయి పాలిట గండమై కూర్చుంది.

ఆమె చేస్తున్నది వీడియో గేములు ఆడుకునే కంట్రోలరు. ఎడమచేత్తో అటూ ఇటూ తిప్పడానికి ఒక చిన్న కర్ర, కుడిచేతికి నాలుగు పెద్ద బటన్లు, బల్ల మీద పెట్టి ఆడుకునే పెట్టె.

అది తమ్ముడి కోసం. పోయినేడాది వచ్చిన జ్వరం వాడి కుడిచేతిలో సత్తువంతా లాగేసింది. ఆ చేతికి పని చెబుతూ ఉంటే కొంతైనా కోలుకుంటుంది, లేకపోతే అంతే అన్నాడు డాక్టరు. రబ్బరు బంతి పిసకమంటే వాడు గోడవైపు తిరిగి పడుకుంటాడు. ఆటలంటే మాత్రం ప్రాణం. ఆట కోసమైనా చెయ్యి కదుపుతాడని అక్క ఆశ.

మొదటిరోజు సామాను తీసుకుంటూ ఇదంతా నిదానం సార్‌కి చెప్పింది. ఆయన అంతా విన్నాడు. అప్పట్నుంచీ మొదలైంది ఈ తంతు.

"పొడుగు రేకున్న స్విచ్చులు ఇస్తాను," అన్నాడాయన. "రేకు చివర తాకితే చాలు, పలుకుతాయి."

"అవి ఈ పెట్టెలో పట్టవు సార్. మళ్లీ పెట్టె కొయ్యాలి, వైర్లన్నీ ఊడదియ్యాలి. శుక్రవారం రివ్యూ."

"రివ్యూ ఇంకోసారి పెట్టించుకోవచ్చమ్మా."

"మీరు కాస్త గట్టిగా నొక్కండి సార్. పసిపాపను జోకొట్టినట్టు నొక్కితే ఏదైనా ఎలా పనిచేస్తుంది?"

పక్క బల్ల దగ్గర ఎవరో కిసుక్కుమన్నారు.

ఆయన మళ్లీ నొక్కాడు. ఈసారి వేలు చాలాసేపు అక్కడే ఉంచాడు. దీపం వెలగలేదు.

"ఇంకొంచెం మెత్తగా ఉండాలమ్మా."

ఆమెకు తిక్క రేగింది. తిన్నగా హెడ్డు గదికి వెళ్లి, కాగితం అడిగి తీసుకుని, నిలబడే రాసిచ్చింది. 'బటన్ నొక్కడం కూడా చేతకాని మనిషి చేతిలో మా ప్రాజెక్టులు పెట్టారు.' వాక్యం భలే కుదిరిందని మురిసిపోయింది కూడా.

గురువారం స్టోరులో వేరే ఆయన ఉన్నాడు. నాలుగు బటన్లూ టకటకా నొక్కి సంతకం గీకేశాడు. రివ్యూలో మేష్టర్లందరూ మెచ్చుకున్నారు. ఒకాయనైతే, తమ్ముడి కోసం ఇంత కష్టపడ్డ అక్కను చూడలేదన్నాడు.

ఆదివారం ఇంటికి వెళ్లి పెట్టెను తమ్ముడి ముందు పెట్టింది.

వాడు తనంతట తానే లేచి కూర్చున్నాడు. ఎడమచేత్తో కుడిచేతిని ఎత్తి బటన్ మీద పెట్టుకున్నాడు. తెర మీద బొమ్మ కదల్లేదు.

"గట్టిగా నొక్కరా."

"గట్టిగానే నొక్కుతున్నానక్కా."

"ఇంకాస్త."

"ఉన్న బలమంతా పెట్టాను." వాడు చేతిని తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. "ఈ చేతి పని అయిపోయిందక్కా. ఇంకెప్పుడూ ఇలాంటివి తేకు."

మళ్లీ గోడవైపు తిరిగాడు.

ఆమెకు ఏడుపు తన్నుకొచ్చింది. తీసుకొచ్చి ఆశపెట్టి, ఉన్న కాస్త ఆశా తనే తుంచేసింది. ఆ బటన్లను ఎన్నిసార్లు చూసుకున్నా తన వేలితోనే చూసుకుంది. మెత్తగా ఉండాలని ఆ ముసలాయన మూడుసార్లు మొత్తుకుంటే, చాదస్తమనుకుంది.

సోమవారం స్టోరు తాళం తీయకముందే వెళ్లి నిలబడింది.

"పొడుగు రేకు స్విచ్చులు కావాలండీ. నిదానం సార్ ఇస్తానన్నారు. ఆయనెప్పుడొస్తారు?"

"ఇంక రారమ్మా," అన్నాడు కొత్తాయన.

"ఏం?"

"ఎవరో ఫిర్యాదు రాశారట. ఆఫీసులో పిలిచి, ఎదురుగా నిలబెట్టి, ఏదీ రెండు చేతులతోనూ స్విచ్చు నొక్కి చూపించమన్నారు. కుడిచేత్తో నొక్కలేకపోయాడు. డాక్టరు దగ్గరికి పంపితే సంగతి బయటపడింది. రెండేళ్ల కిందటే పక్షవాతం వచ్చిందట, పాపం. ఆ చేత్తో మంచినీళ్ల గ్లాసు కూడా ఎత్తలేడు. పనికిరాడని రాసి ఇంటికి పంపేశారు."

"రెండేళ్లుగా ఎవరూ చూడలేదా?"

"చూడనిస్తేగా. తెలిస్తే ఉద్యోగం ఊడుతుందని భయం. రాయడం, సామాను తీయడం, మీ ప్రాజెక్టులు నొక్కి చూడటం, అన్నీ ఎడమచేత్తోనే నెట్టుకొచ్చాడు."



"ఆయన ఇల్లెక్కడండీ?"

"శనివారమే ఖాళీ చేసి వెళ్లిపోయాడమ్మా. ఎక్కడికని నేనూ అడగలేదు."

కొత్తాయన స్విచ్చుల పొట్లం కట్టి ఇచ్చాడు. ఆమె అందుకుంది.

రెండేళ్లు ఎవరి కంటా పడనివ్వని ఆ కుడిచేత్తోనే, ఆమె తమ్ముడి బటన్లను మాత్రం ఆయన ప్రతిసారీ నొక్కి చూశాడు.